అవ్వ నోటి మెటాఫర్



నేను చాలా ఏళ్లు మదనపల్లె వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. క్లాసులో మూడొంతుల మంది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లే. ఇళ్ల దగ్గర టమోటా తోటలు, చెనక్కాయ చేలు. ఒకరోజు మొదటి సంవత్సరం క్లాసులో ఒకమ్మాయిని లేపి, మెటాఫర్ అంటే ఏమిటమ్మా అని అడిగాను. గైడులో ఉన్న నిర్వచనం గడగడా అప్పజెప్పింది. సిమిలీ అడిగాను, చెప్పింది. పర్సానిఫికేషన్, హైపర్బొలీ, అలిటరేషన్... ఒక్క చోట కూడా తడుముకోలేదు.

సరే, ఇప్పుడు మీ ఇంట్లో వాళ్ల గురించి ఒక్క మాట చెప్పు, తెలుగులోనే చెప్పు అన్నాను. కాసేపు ఆలోచించి, "మీ తాత మాట ముల్లు, మనసు వెన్న అంటాది మా అవ్వ" అంది.

"మీ అవ్వ చెప్పింది మెటాఫరే గదమ్మా!" అన్నాను.

ఆ పిల్ల నమ్మలేదు. "మా అవ్వకు ఇంగ్లీషు రాదు మేడం" అంది.

ఆ జవాబు గురించి మాట్లాడదామనే ఈ పూట మీ ముందుకు వచ్చాను. ఆ అమ్మాయి దృష్టిలో మెటాఫర్ అనేది ఇంగ్లీషు పుస్తకంలో దొరికే వస్తువు. పరీక్షలో రెండు మార్కులకు పనికొస్తుంది, పరీక్ష అయ్యాక గైడుతో పాటు అటక ఎక్కుతుంది. తన ఇంట్లో, పొయ్యి దగ్గర, అవ్వ నోట రోజూ వినే మాటకు అదే పేరని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పక్క గదిలో, బహుశా అదే వారంలో, తెలుగు సారు రూపకాలంకారం చెబుతూ ఉంటారు. ఉపమేయానికీ ఉపమానానికీ భేదం ఉన్నా లేనట్టు చెప్పడం రూపకం అని ఆ పిల్లలే నోట్సులో రాసుకుని ఉంటారు. రెండు గదుల మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ. ఆ గోడకు ఇటుపక్క నిలబడి ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను కాబట్టి, అది మన పిల్లలకు ఎంత నష్టం చేస్తున్నదో నాకు తెలుసు.

ఆ తర్వాత నుంచి పాఠం చెప్పే వరస మార్చాను. ముందు పేరు చెప్పను. ఇంట్లో పెద్దవాళ్లు తిట్టేటప్పుడు, మెచ్చుకునేటప్పుడు, బేరం ఆడేటప్పుడు ఏమంటారో విని రాసుకు రమ్మంటాను. తాటిచెట్టంత మనిషి, నోట్లో నాలుక లేని పిల్ల, ఎండ కాల్చుకు తింటోంది, వాన మొహం చాటేసింది. మర్నాటికి బోర్డు నిండిపోతుంది. అప్పుడు ఒక్కొక్క మాట పక్కన దాని తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు రాస్తాం. తాటిచెట్టంత మనిషి అతిశయోక్తి, అదే హైపర్బొలీ. వాన మొహం చాటేసిందంటే వానకు మనిషి మొహం పెట్టామన్నమాట, అది పర్సానిఫికేషన్. ఆ తర్వాతే ఇంగ్లీషు పద్యం తెరుస్తాం. అప్పటికి పిల్లలు దేన్ని వెతుకుతున్నారో వాళ్లకు తెలిసి ఉంటుంది.

సిమిలీ విషయంలో అయితే మన పిల్లల చేతిలో ఉన్న పనిముట్టు ఇంగ్లీషు వాళ్ల దానికన్నా పదునైంది. తెలుగు క్లాసులో ఉపమకు నాలుగు అంగాలు నేర్పుతారు. ఉపమేయం, ఉపమానం, ఉపమావాచకం, సమానధర్మం. దేన్ని పోలుస్తున్నాం, దేనితో పోలుస్తున్నాం, ఏ మాటతో కలుపుతున్నాం, రెండింటిలో ఉమ్మడిగా ఉన్న గుణం ఏది. ఇంగ్లీషు విమర్శలో పోలికలోని రెండు వైపులకూ టెనర్, వెహికిల్ అని ఐ.ఏ.రిచర్డ్స్ పేర్లు పెట్టింది 1936లో. టెనర్ మన ఉపమేయం, వెహికిల్ మన ఉపమానం. దండి కావ్యాదర్శంలో ఉపమను విప్పి చూపించిన కాలానికీ దీనికీ మధ్య వెయ్యేళ్లకు పైగా దూరం. మాది పాతది, మీది కొత్తది అని గొప్ప చెప్పుకోవడానికి ఈ మాట అనడం లేదు. టెనర్, వెహికిల్ అని వినగానే బిక్కమొహం వేసే పిల్లవాడు, ఇది ఉపమేయం రా నాయనా అనగానే నిటారుగా కూర్చోవడం నేను చూశాను. అందుకు చెబుతున్నాను.

సమానధర్మం అనే మాట ఇంకో తప్పును కూడా ఆపుతుంది. లైక్ కనబడితే సిమిలీ అని గైడులు నేర్పుతాయి. దాంతో పిల్లలు 'ఐ లైక్ మ్యాంగోస్' అన్న వాక్యం కింద కూడా గీత గీసి సిమిలీ అని రాస్తారు. తెలుగులోనూ అంతే కదా. "నువ్వు చెప్పినట్టే చేశాను" అన్నదాంట్లో 'అట్టే' ఉంది కానీ ఉపమ లేదు. "చెల్లెలు అక్కలాగే పొడుగు" అన్నదాంట్లో పోలిక ఉంది, అయినా ఉపమ లేదు. ఎందుకంటే మనిషిని మనిషితోనే కొలిచాం. రెండు వేరువేరు జాతుల వస్తువులను పక్కపక్కన పెట్టి, వాటిలో ఒక్క గుణం పట్టుకుని ముడి వేసినప్పుడే అది అలంకారం. ఈ సంగతి తెలుగులో ఒకసారి తేటపడితే ఇంగ్లీషులో మళ్లీ చెప్పాల్సిన పని లేదు.

మెటాఫర్ అన్న మాటకు గ్రీకులో మోసుకెళ్లడం అని అర్థం. ఒకచోట ఉన్న అర్థాన్ని ఎత్తి ఇంకోచోట దించడం. పొద్దున నాలుగింటికే మండీకి టమోటా పెట్టెలు మోసే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఆ మాట చెబితే ఇక మరచిపోరు. స్టాంజా అంటే ఇటాలియన్‌లో గది. పద్యం ఒక ఇల్లు, చరణాల గుంపు ఒక్కొక్కటీ ఒక్కో గది. వెర్స్ అన్న మాటయితే మరీ ఇష్టం నాకు. దాని మూలమైన లాటిన్ మాటకు మళ్లడం అని అర్థం. సాలు చివర నాగలిని మళ్లించి మళ్లీ కొత్త సాలు మొదలుపెడతామే, ఆ మళ్లడం. పాదం చివర కవి కూడా అలాగే మళ్లుతాడు. ఈ సంగతి చెప్పిన రోజు వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి, "అయితే ప్రోజు మళ్లకుండా పోతానే ఉంటాది, అంతే కదా మేడం" అన్నాడు. అంతే. వచనానికి పాదం చివర మళ్లడం లేదు, అంచు వచ్చేదాకా పోతుంది. పద్యానికీ వచనానికీ తేడా చెప్పమంటే ఇంతకన్నా చక్కగా నేను చెప్పలేను.

అరిస్టాటిల్ పొయెటిక్స్‌లో మెటాఫర్ మీద పట్టు అన్నిటికన్నా గొప్పదనీ, అది ఇంకొకరి దగ్గర నేర్చుకుంటే వచ్చేది కాదనీ అంటాడు. నిజమే, ఆ అవ్వకు ఎవరూ నేర్పలేదు. కాని ఉన్నదాన్ని గుర్తుపట్టడం మాత్రం నేర్పవచ్చు. పేరు తెలిసిన చెట్టును అడవిలో ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాం. పేరు తెలియని చెట్టు పక్క నుంచే నడిచి వెళ్లిపోతాం.

ఇక రెండో సంగతి. అన్ని మాటలకూ ఇలా ఇంట్లోనే జత దొరకదు. జత ఉన్నట్టే కనిపించి మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. అక్కడ మాస్టరు ఆగి, ఇది అది కాదు అని గట్టిగా చెప్పాలి.

ఛందస్సునే తీసుకోండి. ఇంగ్లీషు పద్యాలలో ఎక్కువగా వినబడే నడక అయాంబిక్. తేలిక సిలబుల్ తర్వాత ఒత్తిన సిలబుల్. లఘువు తర్వాత గురువు వస్తే మనకు వగణం కదా, అదేనా ఇది అని చురుకైన పిల్లలు వెంటనే అడుగుతారు. చూడటానికి అలాగే ఉంటుంది. కాని మన గురులఘువులు కాలాన్ని కొలుస్తాయి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఇంగ్లీషు కొలిచేది కాలాన్ని కాదు, ఒత్తును. ప్రెజెంట్ అన్న మాటనే మొదటి సిలబుల్ ఒత్తి పలికితే బహుమతి, రెండోది ఒత్తి పలికితే సమర్పించడం. అక్షరాలు అవే, ఒత్తు మారితే మాటే మారిపోయింది. తెలుగులో అలా ఒత్తు మార్చినంత మాత్రాన అర్థం మారదు. అందుకే మన చెవికి ఆ ఒత్తు పట్టడం కష్టం.

దీని మీద ఇంకో చిక్కు. తెలుగు క్లాసులో గురువుకు గిన్నెలాంటి యూ గుర్తు వేస్తాం, లఘువుకు నిలువు గీత. ఇంగ్లీషులో పద్యం విడగొట్టేటప్పుడు అలాంటి గిన్నె గుర్తే ఒత్తు లేని సిలబుల్ మీద పడుతుంది, ఒత్తు ఉన్నదాని మీద ఏటవాలు గీత పడుతుంది. ఆ గిన్నె గుర్తును బ్రీవ్ అంటారు. దాని లాటిన్ మూలానికి పొట్టిది అని అర్థం. అంటే మనకు పెద్దదానికి ఉన్న గుర్తు వాళ్లకు చిన్నదానికి. పదో తరగతిలో ఉత్పలమాలకు గణవిభజన చేసి పదికి పది తెచ్చుకున్న పిల్ల, ఇంగ్లీషు సానెట్ పాదానికి గుర్తులు మొత్తం తలకిందులుగా వేసింది. తెలియక చేసిన తప్పు కాదది. బాగా తెలిసినందువల్ల చేసిన తప్పు. ఆ పేపరు మీద ఎర్ర సిరాతో ఇంటూ కొట్టేసి ఊరుకుంటే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే. అప్పుడు పద్యాన్ని పక్కన పెట్టి, బల్లల మీద దరువు వేయించాను. ఒత్తు వచ్చిన చోట గట్టిగా, రాని చోట మెల్లగా, పాదానికి ఐదుసార్లు. చెవికి పట్టాకే చేతికి గుర్తులు వచ్చాయి.

ప్రాస సంగతీ అంతే. ప్రాస అంటే రైమ్ అని నిఘంటువు చూసి రాసేస్తారు. ఉత్పలమాల వంటి మన వృత్తాలలో ప్రాస ప్రతి పాదంలోనూ రెండో అక్షరం దగ్గర ఉంటుంది. ఇంగ్లీషు రైమ్ పాదం చివర ఉంటుంది. దానికి మన మాట అంత్యప్రాస. మరి మన యతికి అక్కడ చుట్టాలే లేరా అంటే, ఉన్నారు, కాకపోతే చాలా వెనక్కి వెళ్లాలి. బేవుల్ఫ్ వంటి పాత ఇంగ్లీషు కావ్యాలలో పాదాన్ని రెండుగా విరిచి, మొదటి సగంలోని ధ్వనిని రెండో సగంలో మళ్లీ వినిపించి ముడి వేస్తారు. ఉత్పలమాలలో మొదటి అక్షరానికి పదో అక్షరం పలికినట్టుగా అన్నమాట. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల మొహాల్లో ఏదో దూరపు బంధువు ఇంటికి వచ్చినంత సంబరం కనిపించేది.

ఈ దారిలో అటువైపు నుంచి నడిచి వచ్చినవాడు మనకు బాగా తెలిసిన మనిషే. సి.పి.బ్రౌన్ 1817లో మద్రాసుకు వచ్చి, తెలుగు నేర్చుకుని, పదేళ్లకే 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సులను ఇంగ్లీషులో వివరిస్తూ పుస్తకం అచ్చు వేయించాడు. పరాయి చెవికి మన యతి, ప్రాస పట్టించుకోవడానికి ఆయన పడ్డ శ్రమే ఇవాళ మన పిల్లలు అయాంబ్ దగ్గర పడుతున్నారు. ఆయనకు అండగా పండితులు ఉన్నారు. మా పిల్లలకు ఉన్నది ఒక గైడు.

ఐరనీ అన్న మాట ఇంకా జారుడు. వ్యంగ్యం అని తెలుగు చేస్తారు. మామూలు మాటల్లో వ్యంగ్యమంటే ఎత్తిపొడుపు, అలంకారశాస్త్రంలో వ్యంగ్యమంటే మాట వెనక స్ఫురించే అర్థం. ఐరనీ ఈ రెండింటిలో ఏదీ పూర్తిగా కాదు. అందులోనూ డ్రమాటిక్ ఐరనీ అంటే పాత్రకు తెలియనిది చూసేవాళ్లకు తెలిసి ఉండటం. ఆ నిర్వచనం రాయించడం మానేసి మాయాబజార్ సినిమా గుర్తుచేశాను. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడని హాల్లో కూర్చున్న చంటిపిల్లలకు కూడా తెలుసు. లక్ష్మణకుమారుడికి తెలియదు. మనం నవ్వేది ఆ తేడాను చూసి. అంతే, క్లాసు మొత్తానికి అర్థమైపోయింది. ఆ సినిమా వచ్చిన 1957లోనే అమెరికాలో ఎం.హెచ్.అబ్రమ్స్ తన సాహిత్య పదాల గ్లాసరీ వెలువరించాడు. ఇంగ్లీషు ఎం.ఏ. చదివిన మా తరం వాళ్ల బల్లల మీద ఆ పుస్తకం తప్పకుండా ఉండేది. దానిలో నాకు నచ్చింది ఏమిటంటే, మాటలను విడివిడి గింజల్లా చల్లకుండా, ఐరనీ అనే ఒక్క వ్యాసంలోనే దాని రకాలన్నీ ఒక కుటుంబంలా కలిపి చెబుతాడు. పది మాటలకు పది నిర్వచనాలు బట్టీ పట్టేకన్నా, ఒక కుటుంబంలో ఎవరికి ఎవరేమవుతారో తెలుసుకోవడం తేలిక.

పాయింట్ ఆఫ్ వ్యూ చెప్పడానికి నాకు మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టర్ పార్వతీశం అక్కరకొచ్చింది. 1924లో మొదటి భాగం వచ్చిన నవల. మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయలుదేరిన కుర్రవాడు తన కథ తానే, చాలా గంభీరంగా చెప్పుకుంటాడు. తనకు అర్థం కానివి ఎన్నో చదివేవాళ్లకు అర్థమవుతుంటాయి. పిల్లలకు ఒక పని ఇచ్చాను. అతని రైలు ప్రయాణాన్ని పక్కన కూర్చున్న ప్రయాణికుడు చెబితే ఎలా ఉంటుందో రాయమన్నాను. రాసి చూసుకుని, నవ్వు రావడం లేదు మేడం అన్నారు. మరి ఆ నవ్వు ఎక్కడికి పోయింది? జరిగిన సంగతులు అవే, చెప్పే మనిషి మారాడు. పాయింట్ ఆఫ్ వ్యూ అంటే ఏమిటో ఆ పూట నేను నిర్వచించాల్సిన అవసరం రాలేదు. ఇలాంటి మాటలను తెలుగు కథలకు అన్వయించి తెలుగులో చెప్పిన మనిషి మా మదనపల్లెలోనే ఇంగ్లీషు పాఠాలు చెప్పిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారు. ఆయన కథాశిల్పానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇంగ్లీషు లెక్చరర్లు అందరూ తమ బల్ల మీద అబ్రమ్స్ పక్కన ఆ పుస్తకం కూడా పెట్టుకోవాలని నా కోరిక.

చదవడానికి పనికొచ్చే మాటలు ఇవి. రాయడానికి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. థీసిస్, టాపిక్ సెంటెన్స్, డ్రాఫ్ట్. వీటిని పిల్లలకు ఎవరూ ఓపికగా చెప్పరు, కాని పేపరు అంచున మాత్రం వేగ్ అనో, డెవలప్ అనో రాసి తిరిగి ఇస్తారు. నేను చదువుకునే రోజుల్లో నా వ్యాసం మీద ఒకాయన నో థీసిస్ అని రాసి ఇచ్చారు. ఏమి లేదన్నారో తెలియక ఆ కాగితం పట్టుకుని తిరిగాను. థీసిస్ అంటే గ్రీకులో కింద పెట్టడం, నిలబెట్టడం. మనం మాట మీద నిలబడటం అంటామే, ఆ నిలబడే మాట అది. టమోటా గురించి రాయమంటే ఒక అబ్బాయి, టమోటా చాలా ఉపయోగకరమైన కూరగాయ అని మొదలుపెట్టాడు. ఆ మాటను ఎవరు కాదంటారు? ఎవరూ కాదనని మాట మీద నిలబడాల్సిన పని ఏముంది? నీకు తెలిసింది, ఇంకొకరు కాదనగలిగింది చెప్పు అన్నాను. రెండో డ్రాఫ్టులో, మండీలో ధర పడిపోయిన రోజు కోత కూలీ కూడా గిట్టదు కాబట్టి పంటను చేలోనే వదిలేయడం తెలివితక్కువ కాదు, లెక్క అని రాశాడు. ఇంగ్లీషులో తప్పులు ఉన్నాయి. అవి దిద్దుకోవచ్చు. నిలబడే మాట మాత్రం దొరికింది. డ్రాఫ్ట్ అన్న మాటకు అర్థం కూడా అప్పుడే తెలిసింది వాడికి. మొదటిసారి రాసింది తప్పు కాదు, ఇంకా అవ్వలేదు, అంతే.

చివరగా ఒక మాట మిగిలింది, ఆనమాటోపియా. ఇంగ్లీషులో 12 అక్షరాలు, స్పెల్లింగు చూసే పిల్లలు భయపడతారు. గ్రీకులో పేరు చేయడం అని అర్థం. ధ్వనినే మాటగా చేయడం. తేనెటీగల బజ్, పాము హిస్. మన భాషలో దీనికి కరువా? గజ్జెలు గలగల, వాన చిటపట, గంట గణగణ, పిచ్చుకలు కిచకిచ. పిల్లలు ఉత్సాహంగా చెబుతూ పోతున్నారు. అవ్వ మాట చెప్పిన ఆ అమ్మాయే లేచి, "ధగధగ కూడానా మేడం?" అంది.

ధగధగకు శబ్దం లేదు. అది వెలుగు. తళతళ, మిలమిల, నిగనిగ, వీటిలో దేనికీ చప్పుడు లేదు. చురచుర చూశాడంటే చూపు, గిలగిలలాడిందంటే బాధ. ధ్వని కానిదాన్ని ధ్వనితో చెప్పే ఈ మాటలను ఆనమాటోపియా అనడం కుదరదు. నేను అది కాదు అన్నాను కానీ, మరి అదేమిటో ఆ రోజు చెప్పలేకపోయాను. నా సాహిత్య గ్లాసరీలో జవాబు లేదు. కొన్నాళ్లకు భాషాశాస్త్రంలో దొరికింది. దక్షిణాఫ్రికాలో బంటూ భాషల మీద పనిచేసిన క్లెమెంట్ డోక్ 1935లో ఇలాంటి మాటలకు ఐడియోఫోన్ అని పేరు పెట్టాడు. ఆఫ్రికా భాషల్లో ఇవి కొల్లలు, జపనీసులో కొల్లలు, మన భాషల్లో కొల్లలు. ఇంగ్లీషులో తక్కువ. తమ దగ్గర తక్కువ ఉన్నదానికి సాహిత్యం పాఠంలో పేరు అవసరం పడలేదేమో.

మర్నాడు బోర్డు మీద ఐడియోఫోన్ అని రాసి, ఇది నీ ధగధగకు పేరు అని ఆ అమ్మాయికి చెప్పాను. ఇది పరీక్షలో రాదని కూడా చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. మిసమిస అని ఒకరు, మెరమెర అని ఒకరు, జివ్వుమంది వస్తుందా అని ఇంకొకరు, వెనక బెంచీ నుంచి వెలవెల, పక్క నుంచి రెపరెప. రెపరెపకు చప్పుడు ఉందా లేదా అని రెండు బెంచీల మధ్య వాదన. బెల్లు కొట్టేదాకా వాళ్లు చెబుతూనే ఉన్నారు, నేను రాస్తూనే ఉన్నాను.